భుజం కొసన నొప్పి: కాలర్ బోన్ కీలు బెణికిందేమో చూసుకోండి

కాలర్ బోన్ మీద వేలు పెట్టి మెడ వైపు నుంచి భుజం కొస దాకా మెల్లగా జరపండి. ఎముక అయిపోయే చోట నొక్కితే ప్రాణం పోయినట్టు నొప్పిగా ఉంటే, బెణికింది అక్కడి కీలే కావచ్చు. డాక్టర్లు దాన్ని ఏసీ జాయింట్ అంటారు. గూడ జారడం వేరు. అది జారితే భుజం గుండ్రదనం పోతుంది, చేయి అసలు కదపనివ్వదు.

బండి జారి పడ్డాక చేతిని అవతలి భుజం మీద వేయలేకపోతున్నారా?

పడేటప్పుడు చేయి ఒంటికి ఆనుకుని ఉంటే దెబ్బంతా భుజం కొసకే తగులుతుంది. వీపు మీది రెక్క ఎముక కిందికి నొక్కుకుపోతుంది, కాలర్ బోన్ పైనే ఉండిపోతుంది. రెండిటినీ పట్టి ఉంచే లిగమెంట్లు సాగుతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేరు.

మొదటి 2-3 రోజులు గుడ్డలో చుట్టిన ఐస్, ఒక్కోసారి 15 నిమిషాలు పెట్టాలి. చేతికి స్లింగ్, అంటే మెడకు వేలాడే పట్టీ వేయాలి. కాపడం, బామ్ రాసి గట్టిగా రుద్దడం, నాటు కట్టు వద్దు. సాగిన లిగమెంటును పిసికితే వాపు పెరుగుతుందే గానీ ఒరిగేదేమీ లేదు. అలాగని భయంతో నెలంతా స్లింగ్ వేసుకున్నా భుజం బిగుసుకుపోతుంది, షుగర్ ఉన్నవాళ్లకు మరీనూ. చిన్న బెణుకుకు కొద్ది రోజులు, కాస్త పెద్దదైతే 1-2 వారాలు చాలు. ఆ రోజుల్లోనూ మోచేయి, వేళ్లు ఆడిస్తూనే ఉండాలి.

ఫిజియోథెరపీలో మొదటిది, ముందుకు వంగి చేతిని వదులుగా వేలాడదీసి ఊపడం. తర్వాత చేయి కదలకుండా గోడను నెట్టడం, ఆపైన గోడ మీద అరచేతిని పైకి పాకించడం. చేయి నొప్పి లేకుండా పూర్తిగా లేచాకే రబ్బరు బ్యాండు లాగే వ్యాయామం. బ్యాండు భుజం కండ పెంచడానికి అనుకుంటారు చాలామంది. అసలు బలం రావాల్సింది వీపు మీది రెక్క ఎముకను పట్టి ఉంచే కండరాలకు.

కొసన గడ్డలా లేచిందా?

లిగమెంట్లు తెగి ఎముక కొస పైకి లేచిందన్నమాట. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనో, దగ్గర్లోని ఆర్థో డాక్టరు దగ్గరో ఎక్స్‌రే తీయించండి. ఈ దెబ్బను 6 గ్రేడ్లుగా చూస్తారు. 1, 2 గ్రేడ్లకు ఫిజియో సరిపోతుంది, 3కి కూడా ఎక్కువగా ముందు అదే చేసి చూస్తారు. 4 నుంచి సాధారణంగా ఆపరేషనే. గడ్డ వ్యాయామంతో పోదు, పోకపోయినా చాలామందికి చేయి బాగానే పనిచేస్తుంది.

చేయి తిమ్మిరెక్కినా, చల్లబడినా, రొమ్ము ఎముక దగ్గర దెబ్బ తగిలి ఊపిరి తీయడానికో మింగడానికో ఇబ్బందైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పడకుండానే నొప్పి మొదలైందా?

జిమ్‌లో బెంచ్ ప్రెస్, డిప్స్ ఎక్కువగా చేసే కుర్రాళ్లలో ఇది కనిపిస్తుంది. డిప్స్ ఆపండి, బెంచ్ మీద మోచేతుల్ని ఛాతీ కంటే కిందికి దించకండి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీలు ఎప్పుడూ ఒకే భుజానికి ఎత్తుకోకుండా మార్చుకోవాలి, బరువు కొస మీద కాకుండా వీపు మీద పడేలా చూసుకోవాలి. పడి లిగమెంట్ చిరిగినవాళ్లు మాత్రం కనీసం 6 వారాలు బస్తా ఎత్తకూడదు. కూలి మీద బతికేవాళ్లకు ఇది తేలిక కాదు. అందుకే ఆ రోజుల్లో కాంటా దగ్గర లెక్క రాసే పనేదైనా ఇప్పించమని మేస్త్రీని అడగండి.