ఎస్ఎంఎస్‌లో అక్షరాలు పాడవుతున్నాయా? ముందు డేటా కోడింగ్ చూడండి

మెసేజ్ పాడైందనగానే అందరూ ఆపరేటర్ మీద పడతారు. ముందు మీ గేట్‌వే (మీ మెసేజ్‌ని ఆపరేటర్‌కి చేర్చే సర్వీసు) లాగ్ తెరిచి డేటా కోడింగ్, అంటే అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పే నంబర్, ఎంత వెళ్లిందో చూడండి. ఎస్ఎంపీపీలో (ఎస్ఎంఎస్‌లు ఆపరేటర్‌కి పంపే ప్రోటోకాల్) తెలుగుకి అది 8 ఉండాలి. 0 ఉంటే దొంగ దొరికినట్టే. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటీ చూడకుండానే టికెట్ పెడతారు.

తెలుగంతా ప్రశ్నార్థకాలే

దారిలో ఎక్కడో తెలుగు లేని క్యారెక్టర్ సెట్‌లోకి మార్చేశారు. అక్షరాలు అక్కడే పోయాయి, ఫోన్‌లో చేసేదేం లేదు. లాగ్‌లోనే ప్రశ్నార్థకాలుంటే డేటాబేస్, దాని కనెక్షన్ రెండూ యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌కోడింగ్) ఉన్నాయా చూడండి. లాగ్‌లో తెలుగు బాగానే ఉంటే పంపేటప్పుడు యూనికోడ్ అని పెట్టలేదేమో చూడండి.

నెత్తిన గీతున్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ మళ్లీ

యూటీఎఫ్-8 బైట్లను లాటిన్-1 (పశ్చిమ యూరప్ భాషల ఎన్‌కోడింగ్) అనుకుని చదివారు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, అందుకే ఒక్కోటీ మూడు ముక్కలవుతుంది. పంపేముందు యూసీఎస్-2లోకి (ఒక్కో అక్షరానికి రెండు బైట్ల యూనికోడ్ రూపం) మార్చండి, ఒక్కసారే.

ఇంగ్లిష్ మెసేజే, కానీ మూడుగా లెక్కపడుతోంది

నన్ను ఏడిపించింది ఇదే. ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు. జీఎస్ఎమ్ పట్టికలోని 7-బిట్ అక్షరాలైతే (ఇంగ్లిష్, కొన్ని గుర్తులు) 160, యూసీఎస్-2 అయితే 70. మెసేజ్ ముక్కలైతే ఒక్కో ముక్కకి 7-బిట్‌లో 153, యూసీఎస్-2లో 67. జీఎస్ఎమ్ పట్టికలో లేని గుర్తు ఒక్కటి దూరినా మెసేజ్ మొత్తం యూసీఎస్-2కి మారిపోతుంది.

నా టెంప్లేట్ 148 అక్షరాలు. ఒక్కటిగా పోవాల్సింది మూడుగా పోయింది. చూస్తే వర్డ్ నుంచి కాపీ చేసిన వంకర అపాస్ట్రఫీ, యూనికోడ్‌లో 2019. మార్చాను. మళ్లీ మూడే! సగం రోజు గేట్‌వే వాళ్లతో వాదించాక హెక్స్ (ఒక్కో అక్షరం వెనకున్న కోడ్) తీశాను. లింక్ ముందున్న ఖాళీ మామూలు స్పేస్ కాదు, నో-బ్రేక్ స్పేస్ (లైన్ అక్కడ తెగకుండా పెట్టే ఖాళీ). కంటికి రెండూ ఒకటే.

అప్పట్నుంచి టెంప్లేట్ సేవ్ చేసేటప్పుడే ప్రతి అక్షరాన్నీ పట్టికతో పోల్చి, లేనిది ఎన్నో స్థానంలో ఉందో చూపించే చెక్ పెట్టాను. అలాగని కనిపించని అక్షరాలన్నిటినీ గుడ్డిగా తీసేయకండి. తెలుగులో జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరం ఒత్తుగా కలిసిపోకుండా ఆపే కనిపించని గుర్తు) తీసేస్తే 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అవుతుంది.

ఇంకోటి, ఆ 70 అనేది కంటికి కనిపించే అక్షరాల లెక్క కాదు. 'స్త్రీ' ఒక్కటే ఆరు తింటుంది, పొల్లులూ గుణింతం గుర్తూ విడిగా లెక్కే.

అరుదుగా వచ్చేవి

డబ్బాలు కనిపిస్తే ఆ ఫోన్‌లో ఫాంట్ లేదు, ఇంకో ఫోన్‌లో చూడండి. ఎక్కడా చూడని లిపి వస్తే బైట్ల వరస తిరగబడింది, బిగ్ ఎండియన్‌లో (పెద్ద విలువ బైట్ ముందుండే వరస) పంపండి. ముక్కల మధ్య ఎమోజీ విరిగితే మెసేజ్ కోసే కోడ్ దాన్ని రెండు యూనిట్లుగా చూసి మధ్యలో తెంపుతోంది.