విమాన తనిఖీలో కన్ను మోసపోకుండా చూసుకోవడం ఎలా

రేణిగుంట విమానాశ్రయంలో తెల్లవారుజామున టార్చి పట్టుకుని విమానం చుట్టూ తిరిగే ఇంజనీరు అదే రెక్కను, అదే చక్రాన్ని అంతకుముందు వందలసార్లు చూసి ఉంటాడు. అన్నిసార్లూ బాగున్నదాన్నే చూసిన కన్ను ఆ తర్వాత చూడకుండానే బాగుందని చెప్పేస్తుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి విమాన నిర్వహణ చదువులకు వెళ్తున్న మన పిల్లలు ఈ అలవాటును మొదటి రోజు నుంచే ఎదుర్కోవాలన్నది నా కోరిక.

చూడాల్సిన అంశాలు వరుసగా రాసి ఉండే టాస్క్ కార్డును పక్కనే ఉంచుకుని, ఒక అంశాన్ని చూశాకే దాని ఎదుట సంతకం చేయండి. పనంతా ముగిశాక గుర్తున్నంతవరకు వరుసగా సంతకాలు పెట్టుకుంటూ పోకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి నేను చక్రాల గదిని తనిఖీ చేస్తుండగా మరో విమానం దగ్గర నుంచి పిలుపు వచ్చింది. తిరిగొచ్చి, నేను ఆపిన చోటు నుంచి కాక, ఆపాననుకున్న చోటు నుంచి మొదలుపెట్టాను. కాసేపటికి తోటి మెకానిక్ ఒక గొట్టం కింద ఊదారంగు హైడ్రాలిక్ ద్రవపు చుక్కను చూపించి వేలితో తుడిచాడు. మేము చూస్తుండగానే అది మళ్ళీ ఊరింది. ఆ బిగింపును నేను చూడనే లేదు. అప్పటి నుంచి పని మధ్యలో ఎవరు పిలిచినా, తిరిగొచ్చాక మూడు అంశాలు వెనక్కి వెళ్ళి మొదలుపెడుతున్నాను. మీరూ అలాగే చేయండి.

చూడటానికీ ఒక వరుస ఉంది. కారుడు మరకలను కడగకముందు, పగుళ్ళను కడిగిన తర్వాత వెతకాలి. టార్చిని నిటారుగా కొడితే సన్నని పగులు వెలుగులో కలిసిపోతుంది కాబట్టి, వెలుగు లోహం మీద ఏటవాలుగా పడి మీ ముఖం వైపు వచ్చేలా పట్టుకోవాలి. 1988 ఏప్రిల్ 28న, అప్పటికే 89,680 సార్లు ఎగిరి దిగిన అలోహా విమాన సంస్థ బోయింగ్ 737 పైకప్పు గాలిలోనే ఊడిపోయింది. లోహపు రేకులను కలిపి బిగించే రివెట్ల వరుస వెంట ఉన్న పగుళ్ళు తనిఖీల్లో దొరకలేదు. వేల రివెట్లను ఒకదాని తర్వాత ఒకటి చూడటం ఎంత విసుగో చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల్లో బెల్టు మీద తోతాపురి కాయలు ఏరే ఆడవాళ్ళను అడిగితే తెలుస్తుంది. అలాంటి పనిలో మనిషిని తరచూ మార్చాలి, నిద్ర ముంచుకొచ్చే వేళకు దాన్ని మిగల్చకూడదు.

విడిభాగాన్ని నంబరు చూసి తీసుకోవాలి గానీ పాతదాని పక్కన పెట్టి పోల్చి కాదు. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం సుమారు 17,300 అడుగుల ఎత్తున ఉండగా పైలట్ ముందున్న అద్దం ఊడి, ఆయన సగం బయటికి లాగబడ్డాడు. సిబ్బంది పట్టుకుని ఉండటంతో ప్రాణాలు దక్కాయి. అంతకు సుమారు 27 గంటల ముందు, రాత్రి షిఫ్టులో పాత బోల్టును కంటితో పోల్చి ఎంచుకున్న కొత్త బోల్టుల్లో, మొత్తం 90కి 84 ఉండవలసినదానికంటే సన్నవి.

షిఫ్టు మారేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 1991 సెప్టెంబరు 11న టెక్సాస్‌లో ఒక చిన్న విమానం కూలి 14 మంది చనిపోయారు. తోక రెక్క అంచు నుంచి ముందు షిఫ్టువారు తీసిన 47 స్క్రూలను తర్వాతి షిఫ్టువారు తిరిగి బిగించలేదు, తీసిన సంగతి వారికి చేరనే లేదు. అందుకే ఒక్క స్క్రూ తీసినా ముందు కార్డులో రాయండి, తీసినవాటిని సంచిలో వేసి ట్యాగు కట్టండి, తర్వాతి మనిషిని విమానం దగ్గరికే తీసుకెళ్ళి చేత్తో తాకి చూపించండి. కడిగేటప్పుడు అంటించిన టేపులకూ ఇదే వర్తిస్తుంది. 1996 అక్టోబరు 2న పెరూలో స్టాటిక్ పోర్టుల మీద, అంటే ఎత్తు, వేగం చూపే పరికరాలకు బయటి గాలి పీడనాన్ని అందించే రంధ్రాల మీద, మరిచిపోయిన టేపు 70 మందిని బలిగొంది.

రెండో తనిఖీకి వచ్చినవారికి మాత్రం మీరేమీ చూపించకండి. "అంతా సరిగ్గానే చేశాను సార్" అనే మాట వారి కంటినీ మూసేస్తుంది. కార్డు చేతికిచ్చి, వారు తమ టార్చితో మొదటి నుంచి చూసుకుంటూ వచ్చేదాకా పక్కకు తప్పుకోండి.