టన్నెల్‌లో ఐదు నిమిషాలు: ప్లేయర్ల డ్రెస్ ఎలా చెక్ చేయాలి

హైదరాబాద్ క్లబ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి పన్నెండేళ్ళుగా రిఫరీగా తిరుగుతున్నాను. కొత్తగా పరీక్ష పాసైన పిల్లలు ఆఫ్‌సైడ్ గురించి గంటలకొద్దీ అడుగుతారు గానీ, డ్రెస్ చెకింగ్ సంగతి ఎవరూ ఎత్తరు. ఫోర్త్ అఫీషియల్‌గా, అంటే గీత బయట ఉండి రిఫరీకి సాయం చేసే నాలుగో అధికారిగా, నిలబడిన రోజున మొదటి పేచీ వచ్చేది మాత్రం అక్కడే.

ముందు చేతులు చూడండి. లా ఫోర్ (ఫుట్‌బాల్ రూల్సులో ప్లేయర్ల డ్రెస్ గురించిన నాలుగోది) ప్రకారం నగ ఏదీ ఉండకూడదు. ఉంగరం, గొలుసు, పోగు, తోలు పట్టీ, చివరికి రబ్బరు బ్యాండు కూడా. పైన టేప్ చుట్టుకున్నా ఒప్పుకోరు. మనవాళ్ళ మణికట్టుకేమో ఎర్రదారం ఉంటుంది. "సార్, కొండగట్టులో అమ్మ కట్టింది" అంటాడు. నేను దాన్నీ బ్యాండు కిందే లెక్కేస్తాను. అయితే కత్తెర మాత్రం మీరు పట్టుకోకండి. కిట్ మేనేజర్‌ని పిలవండి, ముడి విప్పి కవర్లో పెడతాడు. "మ్యాచ్ అయ్యాక కట్టుకో నాన్నా" అంటే చాలామంది వింటారు. ఈ తిప్పలు మనకే కాదు. 2022 వరల్డ్ కప్‌లో పోలండ్ మీద ఫ్రాన్స్ డిఫెండర్ జూల్ కూండే మెడలో బంగారు గొలుసుతోనే దిగిపోయాడు. దాన్ని తీయించేసరికి ఫస్ట్ హాఫ్ అయిపోవచ్చింది!

గోల్‌కీపర్‌ని గ్లవ్స్ వేసుకోకముందే పట్టుకోండి. ఒకసారి నేను వదిలేశాను. ముప్పయ్యో నిమిషంలో దెబ్బ తగిలి గ్లవ్ తీస్తే వేలికి పెళ్ళి ఉంగరం! వేలు వాచి రానంది. ఫిజియో సబ్బునీళ్ళతో లాగుతుంటే అవతలి కోచ్ నన్నే చూస్తున్నాడు.

ఇక రంగులు. లోపల వేసుకునే ఇన్నర్, పైనున్న జెర్సీ చేతుల రంగులోనే ఉండాలి. స్టాకింగ్స్ మీద చుట్టే టేప్ కూడా అక్కడి స్టాకింగ్స్ రంగుకే కలవాలి. నీలం స్టాకింగ్స్‌కి తెల్ల టేప్ రోల్ ఒక్కటే తెచ్చుకునే టీములుంటాయి. టన్నెల్‌లో, అంటే గ్రౌండ్‌లోకి దిగే దారిలో, చెబితే ఎవరికైనా టెన్షనే, అందుకే వార్మప్‌లోనే చెప్పేయండి. షిన్‌ప్యాడ్ (మోకాలి కింద ఎముకకి దెబ్బ తగలకుండా పెట్టుకునే ప్యాడ్) సైజు 2024 నుంచి ప్లేయర్ బాధ్యతే. ఎవరైనా బిస్కెట్టంత ముక్క పెట్టుకొస్తే నాకు ఒళ్ళు మండుతుంది గానీ, ఏమీ అనను. స్టాకింగ్స్ దాన్ని కప్పాయా లేదా అన్నదే చూస్తాను.

ఆట మధ్యలో తప్పు కనిపిస్తే ఆట ఆపక్కర్లేదు. బంతి బయటికెళ్ళాక, అతను అప్పటికే సరిచేసుకోకపోతే బయటికి పంపిస్తారు. తిరిగి వచ్చేటప్పుడు మీరు చూసి రిఫరీకి సైగ చేయాలి, ఆయన ఒప్పుకోవాలి. చెప్పకుండా దూరితే ఎల్లో కార్డు.

సబ్‌స్టిట్యూట్ జెర్సీ మీద వేసుకున్న బిబ్ తీస్తున్నప్పుడే చేతులు చూసేయండి. పాదం ఎత్తమని, బూట్ల అడుగునుండే స్టడ్స్‌ని వేలితో రుద్ది చూడండి. గరుకుగా గీసుకుంటే బూట్లు మార్చుకోమనండి. నంబరు బోర్డు ఆ తర్వాతే ఎత్తండి.