ఎమర్జెన్సీ పాఠాలు – 4: ఊపిరితిత్తులు బాగానే ఉన్నా ఆయాసం

ముందుగా, పోయిన భాగంలో ఇచ్చిన ప్రశ్నకు జవాబు. తీవ్రమైన ఆస్తమాతో నిమిషానికి 34 సార్లు ఊపిరి తీస్తున్న మనిషికి ఏబీజీలో (ధమని రక్తంలో వాయువులు, ఆమ్లం కొలిచే పరీక్ష) కార్బన్ డయాక్సైడ్ 40 వచ్చింది, భయం లేదా అన్నది ప్రశ్న. నార్మలే కదా అని ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అంత వేగంగా ఊపిరి తీసేవాళ్లలో అది 35 కంటే కిందికి దిగాలి. 40 దగ్గర ఉందంటే మనిషి అలసిపోతున్నట్టే. ఐసీయూ వాళ్లను అప్పుడే పిలవాలి.

ఇవాళ్టి రోగి వేరు, తిరకాసు మాత్రం అలాంటిదే.

46 ఏళ్ల మనిషి, రెండు రోజులుగా వాంతులు, కడుపునొప్పి, ఇప్పుడు ఆయాసం. స్టెతస్కోప్ పెడితే రెండు వైపులా గాలి శుభ్రంగా ఆడుతోంది, పిల్లికూతలు లేవు. ఆక్సిజన్ 98 శాతం. మరి ఆయాసం దేనికి? మంచం పక్కన అర నిమిషం నిలబడి ఛాతీనే చూడండి. న్యుమోనియా రోగి సాధారణంగా పైపైన, గబగబా తీస్తాడు. ఇతను వేగంగానే అయినా ప్రతి ఊపిరీ నిండా, లోతుగా తీస్తున్నాడు. జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్మాల్ 1874లో వర్ణించిన శ్వాస ఇదే. నోటి దగ్గర మగ్గిన పండు వాసన కూడా రావచ్చు. ఆ వాసన అందరి ముక్కుకూ అందదు, కాబట్టి రాలేదని కొట్టిపారేయకండి.

రక్తంలో ఆమ్లం పేరుకున్నప్పుడు శరీరం కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసి లెక్క సరిచేసుకోవాలని చూస్తుంది. ఈ ఆయాసం అందుకే.

రిపోర్టులు వచ్చాయి: షుగర్ 480, సోడియం 132, క్లోరైడ్ 98, బైకార్బనేట్ (ఆమ్లాన్ని విరిచేది) 6, పీహెచ్ (ఇది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) 7.17, కార్బన్ డయాక్సైడ్ 17, పొటాషియం 4.8. కీటోన్లు, అంటే ఇన్సులిన్ లేక కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు, బాగా ఎక్కువ. పెన్ను తీయండి.

మొదటి లెక్క యానయాన్ గ్యాప్, రక్తంలో మామూలుగా కొలవని ఆమ్లాలు పేరుకున్నాయేమో చెప్పేది. సోడియంలోంచి క్లోరైడ్, బైకార్బనేట్ రెండూ తీసేయాలి: 132 – 98 – 6 = 28. మామూలుగా 12 దాటకూడదు. కీటోన్లూ ఉన్నాయి గనక ఇది డీకేఏ, అంటే డయాబెటిక్ కీటోఎసిడోసిస్, షుగర్ జబ్బులో కీటోన్ల వల్ల రక్తంలో ఆమ్లం పెరగడం.

రెండో లెక్క చాలామంది వదిలేస్తారు. బైకార్బనేట్‌ను ఒకటిన్నరతో గుణించి 8 కలపండి: 9 + 8 = 17. కార్బన్ డయాక్సైడ్ దీనికి రెండు అటూ ఇటూగా ఉండాలి. ఇతనికి సరిగ్గా ఉంది, అంటే ఊపిరి ఇంకా తట్టుకుంటోంది. ఇదే మనిషికి 30 వచ్చి ఉంటే రిపోర్టు చూడ్డానికి నార్మల్‌కి దగ్గరైనట్టే కనిపిస్తుంది, మనిషి మాత్రం మునిగిపోతున్నట్టు. ఇలాంటివాళ్లకి గొంతులో ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టడం ఆఖరి మాటగా ఉండాలి. తప్పనిసరై వేస్తే వెంటిలేటర్‌ను మామూలు రేటులో వదలొద్దు. అతను తీస్తున్నంత ఊపిరి మెషీన్ ఇవ్వకపోతే పీహెచ్ నిమిషాల్లో పడిపోతుంది.

ఇక పొటాషియం. 4.8 చూసి ఊపిరి పీల్చుకోకండి. ఇన్సులిన్ లేక కణాల్లోని పొటాషియం రక్తంలోకి వచ్చింది, అక్కణ్నుంచి మూత్రంలో, వాంతుల్లో పోతూనే ఉంది. ఒంట్లో మొత్తం మీద లోటే. ఇన్సులిన్ ఎక్కగానే ఉన్నది కాస్తా కణాల్లోకి వెళ్లిపోతుంది, గుండె లయ తప్పొచ్చు. అందుకే ముందు సెలైన్, తర్వాత పొటాషియం రిపోర్టు, ఆ తర్వాతే ఇన్సులిన్. గుండె, కిడ్నీ జబ్బు లేనివాళ్లకి మొదటి గంటలో లీటరు దాకా సెలైన్ వెళ్తుంది. పొటాషియం 3.5 కంటే తక్కువుంటే అది పెరిగేదాకా ఇన్సులిన్ ఆపాలి. 3.5 నుంచి 5 మధ్య ఉంటే, మూత్రం వస్తోందని చూసుకుని, సెలైన్‌లో పొటాషియం కలిపి రెండూ నడపాలి. 5 దాటితే కలపకుండా రెండు గంటలకోసారి చూడాలి. పొటాషియం ఎప్పుడూ సిరంజితో నేరుగా నరంలోకి తోయకూడదు.

ఇన్సులిన్ గంటకు కిలోకు 0.1 యూనిట్. 60 కిలోల మనిషికి 6 యూనిట్లు. షుగర్ 250కి దిగగానే డ్రిప్ ఆపేయాలని చేయి లాగుతుంది. ఆపొద్దు, డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) జోడించండి. ఇన్సులిన్ ఇస్తున్నది ఆమ్లం తగ్గడానికి. గ్యాప్ మూసుకుని, బైకార్బనేట్ 18కి చేరాలి. డ్రిప్ తీయడానికి ఒకటి రెండు గంటల ముందే చర్మం కింద లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ పడాలి.

వచ్చే భాగానికి ప్రశ్న. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్న మనిషి, వాంతులు, లోతైన ఊపిరి. షుగర్ 180, సోడియం 138, క్లోరైడ్ 104, బైకార్బనేట్ 10, కార్బన్ డయాక్సైడ్ 32, పొటాషియం 3.2. షుగర్ తక్కువే కాబట్టి డీకేఏ కాదని తోటి డాక్టర్ అంటున్నాడు. రెండు లెక్కలూ వేసి, అతనికి ఏం చెబుతారో, మొదటి గంటలో ఏది ఇస్తారో, ఏది ఆపుతారో రాసి ఉంచండి.