మెట్లబావి పూడిక తీస్తున్నారా? నీళ్లు ఒక్కసారిగా తోడేయకండి

2023 మార్చి 30, శ్రీరామనవమి నాడు ఇండోర్‌లో ఓ గుడిలోని పాత మెట్లబావిపై వేసిన స్లాబు కూలి 36 మంది చనిపోయారు. బావిపై స్లాబు వేయకూడదని, వేసినదాని మీద జనాన్ని నిలబెట్టకూడదని ఇప్పుడు ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది వేరే ఉంది. హైదరాబాద్ బన్సీలాల్‌పేట బావి 2022 డిసెంబరులో మళ్లీ తెరుచుకున్నాక చిన్న పట్టణాల్లోనూ పాత బావులు బాగుచేయాలన్న ఉత్సాహం వచ్చింది. మంచిదే. అయితే వానల్లోపు ముగించాలన్న తొందరలో మూడు నాలుగు మోటార్లు పెట్టి ఒక్కరోజులో బావి ఖాళీ చేస్తున్నారు. బావి లోపలి రాతికట్టు కూలేది అక్కడే.

పాత బావుల్లో చాలావాటికి రాతికట్టు సందుల్లో సున్నం ఉండదు. ఊట రావాలనే అలా పేర్చారు. కట్టు వెనక మట్టి ఏళ్ల తరబడి నానిపోయి ఉంటుంది. బావిలో నీళ్లున్నంతకాలం అవి ఎదురు నెడుతూ గోడను నిలబెడతాయి. లోపల నీళ్లు గబగబా దిగిపోతే వెనకున్న తడి అంత వేగంగా దిగదు. బరువంతా ఒకవైపే పడి కట్టు ముందు పొట్ట ఉబ్బుతుంది, తర్వాత ఒరుగుతుంది.

అందుకే రోజుకు అర మీటరుకు మించి దించకండి. గోడ మీద పెయింటుతో అర మీటరుకో గీత గీసి, ఆ రోజు గీత రాగానే మోటారు కట్టేయండి. పొద్దున, సాయంత్రం రాళ్ల సందుల్లోంచి వచ్చే ఊట చూడండి. తేటగా వస్తే పర్వాలేదు. బురదగా వస్తే వెనక మట్టి కొట్టుకొస్తోందని అర్థం. వెంటనే తోడడం ఆపి, నీళ్లు మళ్లీ పెరగనివ్వండి. పగుళ్లకు అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ వేసి, పక్కన తేదీ రాయండి. పట్టీ చిట్లిందంటే కట్టు కదులుతోంది. ఇక ఎవరూ దిగొద్దు.

తోడిన నీళ్లు గట్టు పక్కన వదిలితే తిరిగి కట్టు వెనకే చేరతాయి. పైపు వేసి పల్లానికి పంపండి.

రెండో ప్రమాదం గాలి. పూడిక కెలికితే కుళ్లు వాసన వేసే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్, మండే వాయువు మీథేన్ బయటికొస్తాయి. పొద్దున వాయువులు కొలిచే మీటరుతో చూశాం కదా అంటే చాలదు, కెలికాక మళ్లీ చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 10 వంతులు) దాటినా పైకి రావాల్సిందే. దీపం దించి చూడటం వద్దు. విషవాయువున్నా దీపం వెలుగుతూనే ఉండొచ్చు, మీథేన్ ఉంటే ఆ మంటే ముప్పు. కుళ్లు వాసన తగ్గిందని ధైర్యపడొద్దు, మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారుతుంది.

డీజిల్ ఇంజన్ బావిలోకి దించొద్దు.

నడుముకు తాడు లేనిదే దిగొద్దు. పైన ఇద్దరు ఉండాలి.

లోపల మనిషి పడిపోతే వెనకే దూకొద్దు. తాడుతో లాగండి, ఫైర్‌ వాళ్లను పిలవండి.

జేసీబీ, ట్రాక్టరు, తీసిన పూడిక కుప్ప: ఏదైనా బావి ఎంత లోతుంటే గట్టుకు అంత దూరంలో ఉండాలి.

రాళ్ల మధ్య మొలిచిన రావి, మర్రి మొక్కలు పీకొద్దు. వేరుతో పాటు రాయీ వస్తుంది. మొదలుకంటా కోసి, వేరును చంపే మందు పూయండి.

సిమెంటు వద్దు. ఊట సందులు మూసేస్తే నీళ్లు వెనకే నిలుస్తాయి, మళ్లీ అదే ఒత్తిడి. ఊడిన మెట్లకు, గట్టుకు గానుగ సున్నమే వాడండి.

రోడ్డు మీది మురుగు బావిలోకి మళ్లించొద్దు.

వాన పడితే పని ఆపండి. కట్టు వెనక మట్టి అప్పుడే ఎక్కువ నాని ఉంటుంది. తెరిపివ్వగానే కొత్తగా చేరిన నీళ్లన్నీ ఒకేసారి తోడేయొద్దు, మళ్లీ రోజుకు అర మీటరే.

పూడిక తీసిన బావి నీళ్లు వాడుకోవాలంటే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలపాలి. 4 మీటర్ల వెడల్పున్న గుండ్రటి బావిలో 3 మీటర్ల నీళ్లంటే సుమారు 37,700 లీటర్లు, అంటే దాదాపు 94 గ్రాములు. గంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలకపోతే మళ్లీ వేయండి. పూడిక తీసిన కొత్తలో ఒక్కసారికి సరిపోదు.