డయాలసిస్‌కి తోడు వెళ్లే మనిషి కూలి కూడా లెక్కలో రాయండి
కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, డయాలసిస్ చేయించుకునేవాళ్ల ఇళ్లల్లో ఖర్చంటే మందులు, ఆటో రాస్తారు, తోడు వెళ్లినవాళ్ల కూలి మాత్రం ఎవరూ రాయరు. ముందు అదే రాయండి. మిషన్ మీద నాలుగు గంటలే గానీ, పొద్దున్నే క్యారేజీ కట్టుకుని పలాస బయల్దేరి, సూది తీశాక రక్తం ఆగేదాకా దూది నొక్కిపట్టి, నీరసపడ్డ మనిషిని ఇంటికి చేర్చేసరికి రోజంతా పోతుంది. వారానికి మూడుసార్లంటే జీడిపిక్కల పనికి వెళ్లే కోడలికి నెలలో దాదాపు సగం కూలి పోయినట్టే.

డయాలసిస్ పింఛను నెలకి 10,000 రూపాయలు. అందగానే అప్పులకి కట్టేయకుండా ముందు ఆటోకి, ఆ కూలికి తీసి పెట్టండి. ఎన్టీఆర్ వైద్య సేవలో (పాత ఆరోగ్యశ్రీ) డయాలసిస్ ఉచితం, ఎవరైనా డబ్బడిగితే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని కలవండి. అన్నదమ్ములుంటే వంతులేసుకోండి. రాలేనివాళ్లు ఆ రోజు కూలి పంపాలి, అడగడానికి మొహమాటపడకండి.