రాష్ట్రం మారినవాళ్ల ఓటు: ఏ ఊళ్లో ఉండాలో తేల్చుకుని మార్చుకోవడం ఎలా

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు, తెలంగాణలో లోక్‌సభకు ఒకే రోజు పోలింగ్ జరిగింది. దానికి ముందు హైదరాబాద్–విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు, బస్సులు బారులు తీరాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం మంది కూడా ఓటు వేయలేదు. నగరంలో పోలింగ్ తగ్గడానికి కారణాలు చాలా ఉంటాయి. కానీ కాపురం ఒక చోట, ఓటు ఇంకో చోట ఉండటం అందులో తప్పకుండా ఒకటి. ఆ వారం ఊరెళ్లినవాళ్లలో ఎంతోమంది నీళ్ల ట్యాంకరు కోసం, డ్రైనేజీ కోసం, పిల్లల బడి కోసం తిరిగేది ఇక్కడ. వాళ్ల ఓటు ఎన్నుకునేది మాత్రం అక్కడి సర్పంచిని, అక్కడి ఎమ్మెల్యేని.

కాబట్టి ఫారం తెరవకముందే, ఓటు ఎక్కడ ఉండాలో తేల్చుకోవాలి.

ఎవరు మార్చుకోవాలి, ఎవరు మార్చుకోనక్కర్లేదు

1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 19, 20 సెక్షన్ల ప్రకారం ఓటు 'సాధారణ నివాసం' ఉన్న చోట ఉండాలి. 20వ సెక్షన్‌లో రెండు మాటలున్నాయి, రెండూ వలస వెళ్లినవాళ్లకు సూటిగా తగిలేవే. ఒకటి: ఒక ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదు. రెండు: కొంతకాలం ఊరు వదిలి వెళ్లినంత మాత్రాన నివాసం పోయినట్టూ కాదు.

అంటే పెళ్లాం పిల్లలతో పదేళ్లుగా కూకట్‌పల్లిలో ఉంటూ, సంక్రాంతికి మాత్రమే భీమవరం వెళ్లేవాళ్ల ఓటు కూకట్‌పల్లిలో ఉండాలి. భీమవరంలో మేడ ఉన్నా సరే. అదే ఆదోని, కోసిగి వైపు నుంచి కోతల కాలంలో గుంటూరు మిరప చేలకో, తెలంగాణ పత్తి చేలకో వెళ్లి తిరిగొచ్చే కుటుంబం ఓటు మార్చుకోనక్కర్లేదు. ముసలివాళ్లను, పిల్లలను ఇంటి దగ్గర వదిలి ముంబై పనికి వెళ్లే పాలమూరు కూలీలదీ అంతే. వాళ్లను 'ఊళ్లో లేరు' అని తీసేయడం తప్పు. ఆ మాట బీఎల్వోకి (ఇంటింటికీ తిరిగి ఓటర్ల జాబితా సరిచూసే బూత్ స్థాయి అధికారికి) చెప్పగలిగేలా ఇంట్లోవాళ్లకు నేర్పి వెళ్లాలి: "పనికి వెళ్లారు, ఫలానా నెలలో వస్తారు."

కొత్త చోట ఆరు నెలలు ఉంటేనే ఓటు ఇస్తారని చాలామంది అనుకుంటారు. ఇన్ని నెలలు ఉండాలన్న లెక్క చట్టంలో లేదు. హాస్టల్లో ఉండి చదువుకునే విద్యార్థులు హాస్టల్ చిరునామాలోనైనా, అమ్మానాన్నల ఇంటి దగ్గరైనా ఓటు పెట్టుకోవచ్చు. హాస్టల్ దగ్గర పెట్టుకుంటే కాలేజీ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలి. విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం వదులుకోనివాళ్లది వేరే దారి: ఫారం 6ఏ, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా, ఓటు వేయడానికి స్వయంగా రావడం.

మార్చుకోవడానికి జంకే వాళ్లకు రెండు మాటలు. ఊళ్లో ఓటు పోతే పొలం పట్టాకు ఏమీ కాదు. భూమి రికార్డుకూ ఓటర్ల జాబితాకూ సంబంధం లేదు. పిల్లల లోకల్ స్టేటస్ (సీట్లకు, ఉద్యోగాలకు చూసే స్థానికత) ప్రధానంగా వాళ్లు చదివిన చోటును బట్టి తేలుతుంది, మీ ఓటును బట్టి కాదు.

ఒకటి మాత్రం నిజంగానే పోతుంది: సర్పంచి ఓటు. పంచాయతీ, మునిసిపల్ జాబితాలను అసెంబ్లీ జాబితా నుంచే వార్డుల వారీగా విడదీసి తయారుచేస్తారు. సర్పంచి ఓటు ఊళ్లో, ఎమ్మెల్యే ఓటు పట్నంలో పెట్టుకోవడం కుదరదు. పంచాయతీ ఎన్నికల్లో నిలబడాలన్నా ఆ పంచాయతీ జాబితాలో పేరుండాలి. అసెంబ్లీకి పోటీ చేయాలంటే ఆ రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరు అయి ఉండాలి. లోక్‌సభకైతే దేశంలో ఎక్కడ ఓటున్నా చాలు. రాజకీయాల్లోకి వచ్చే ఆలోచన ఉన్నవాళ్లు రాష్ట్రం మార్చేముందు దీన్ని బాగా ఆలోచించుకోవాలి.

కొత్త చోట ఏం మారుతుందో కూడా చూడండి. 2023 తెలంగాణ ఎన్నికల నాటికి శేరిలింగంపల్లిలో ఓటర్లు 7 లక్షలు దాటారు. భద్రాచలంలో లక్షన్నర కూడా లేరు. రెండింటికీ ఒక్కొక్క ఎమ్మెల్యేనే. 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కలు వచ్చేదాకా సీట్ల సంఖ్య పెరగకుండా రాజ్యాంగం ఆపింది కాబట్టి, వలసలు ఎక్కువగా వచ్చే చోట ఒక్కో ఓటు బరువు తగ్గుతూ వస్తోంది. అలాంటి చోట కాలనీలో సగం మందికి ఓటే లేకపోతే ఆ కాలనీ మాట ఇంకా తేలిపోతుంది. బూత్ లెక్కలు వేసే పార్టీ కార్యకర్త చేతిలో ఉండేది ఓటర్ల జాబితా. అద్దెకుండే వాళ్లెందరో అందులో కనపడదు.

ఫారం 8 నింపడం

రాష్ట్రం మారినా ఫారం 8 సరిపోతుంది. ఫారం 6 తొలిసారి ఓటు నమోదు చేసుకునేవాళ్లకు మాత్రమే. 2022 ఆగస్టుకు ముందు నియోజకవర్గం మారితే ఫారం 6 ఇవ్వాల్సి వచ్చేది. ఆ పాత అలవాటుతో మీసేవ కేంద్రాల్లో, నెట్ సెంటర్లలో ఇప్పటికీ ఫారం 6 పెట్టేస్తుంటారు. అదే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. 'నాకు ఇంకెక్కడా ఓటు లేదు' అని అందులో సంతకం పెడుతున్నారు. తెలిసి తప్పు చెప్పినట్టు తేలితే 1950 చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పైగా పాత పేరు పాత చోటే ఉండిపోయి రెండు ఓట్లు అవుతాయి.

ముందు మీ పాత ఓటు వివరాలు తీసి పెట్టుకోండి: ఎపిక్ నంబరు (ఎపిక్ అంటే ఓటరు కార్డు; దాని మీద ఉండే పది అక్షరాలు, అంకెలు), నియోజకవర్గం, పార్టు నంబరు (జాబితాలో మీ బూత్ భాగం నంబరు), క్రమసంఖ్య. కార్డు పోయినా voters.eci.gov.in సైటులో పేరుతో వెతికితే దొరుకుతాయి. 1950కి ఫోన్ చేసినా చెబుతారు.

ఆ సైటులోగానీ ఎన్నికల సంఘం యాప్‌లోగానీ ఫోన్ నంబరుతో లాగిన్ అయి ఫారం 8 తెరవండి. ఎపిక్ నంబరు కొట్టగానే మీ పాత వివరాలు వస్తాయి. అవి మీవేనని చూసుకున్నాక నాలుగు అవకాశాలు కనిపిస్తాయి: నివాసం మార్పు, వివరాల సవరణ, కొత్త కార్డు, వైకల్యం నమోదు. 'నివాసం మార్పు' ఎంచుకోండి. తర్వాత అదే నియోజకవర్గంలోనా, బయటనా అని అడుగుతుంది. ఇక్కడ 'నియోజకవర్గం బయట' ఎంచుకుంటేనే కొత్త రాష్ట్రం, జిల్లా, నియోజకవర్గం ఎంచుకునే వీలొస్తుంది. పేరులో తప్పుంటే దాన్ని ఇందులో కలపకండి. ముందు నివాసం మారనివ్వండి, సవరణకు తర్వాత ఇంకో ఫారం 8 పెట్టండి.

ఇంటి చిరునామా గడిలో ఎక్కువమంది తప్పు చేస్తారు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ పేరు, ఫ్లాట్ నంబరు, ప్లాట్ నంబరు రాసి, మునిసిపల్ డోర్ నంబరు వదిలేస్తారు. బీఎల్వో చేతిలోని జాబితా డోర్ నంబర్ల వరుసలోనే ఉంటుంది. ఆస్తిపన్ను రసీదు మీదో, కరెంటు బిల్లు మీదో ఉన్న డోర్ నంబరు చూసి ముందు అది రాయండి, ఆ తర్వాత ఫ్లాట్ నంబరు, దగ్గర్లోని గుడో బడో గుర్తుగా రాయండి.

రుజువు కాగితాల్లో అద్దెకుండేవాళ్లకు ఒక చిక్కుంది. చెల్లేది రిజిస్టరైన అద్దె ఒప్పందమే. మన దగ్గర చాలావరకు 11 నెలల ఒప్పందం స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తారు, అది రిజిస్ట్రేషన్ కిందికి రాదు. కరెంటు, నీళ్లు, గ్యాస్ బిల్లులు కనీసం ఏడాదివి అడుగుతారు, అందులోనూ కరెంటు బిల్లు ఇంటి ఓనరు పేరున ఉంటుంది. అందుకే కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఆధార్‌లోగానీ, బ్యాంకు పాస్‌బుక్‌లోగానీ చిరునామా మార్పించుకుని, దాన్నే జతచేయడం సులువు. పాస్‌పోర్టు, రిజిస్టరైన సేల్ డీడ్, భూమి రికార్డు కూడా చెల్లుతాయి. ఫోటో తీసి పెట్టేటప్పుడు ఫైలు 2 ఎంబీ మించకూడదు, చిరునామా ఉన్న వైపు అక్షరాలు స్పష్టంగా కనపడాలి. ఆధార్ వెనకవైపు తీయడం మరిచిపోతుంటారు, చిరునామా ఉండేది అటువైపే. ఏ కాగితమూ లేనివాళ్లనూ తిప్పి పంపకూడదు. బీఎల్వో వచ్చి, అక్కడ ఉంటున్నట్టు కళ్లారా చూసి రాసుకుంటే చాలు.

ఇంట్లో ఎందరుంటే అన్ని ఫారాలు. భర్తది మారితే భార్యది దానంతట అది మారదు. కాలనీ సంఘం వందమంది ఫారాలు కట్టకట్టి ఇస్తే తీసుకోరు. ఒక ఇంటివాళ్లవి ఒకరే ఇవ్వవచ్చు. కాగితం ఫారం ఇస్తే, అడుగున ఉండే రసీదు చించి సంతకం పెట్టించుకోండి. ఆన్‌లైన్ అయితే రిఫరెన్స్ నంబరును స్క్రీన్‌షాట్ తీసుకోండి.

తర్వాత బీఎల్వో ఇంటికి వస్తారు, లేదా ఫోన్ చేస్తారు. పని వేళల్లో తాళం వేసి ఉంటే 'ఇక్కడ లేరు' అని రాసి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. పక్కింటివాళ్లకు, వాచ్‌మన్‌కు మీ పేరు చెప్పి ఉంచండి. ఆమోదమయ్యాక పాత చోట పేరు తీసేయడం అధికారుల పని, దానికి మీరు ఫారం 7 పెట్టనక్కర్లేదు. ఎపిక్ నంబరు అదే ఉంటుంది, చిరునామా మారిన కార్డు వస్తుంది. అయినా నెల తర్వాత పాత నియోజకవర్గం జాబితా తెరిచి, పేరు పోయిందో లేదో చూసుకోండి. తిరస్కరిస్తే 15 రోజుల్లో జిల్లా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి.

ఎన్నికల ప్రకటన వచ్చాక చూద్దామనుకోవద్దు. నామినేషన్ల ఆఖరి రోజు దాటితే జాబితాలో పేరు చేర్చరు. అభ్యంతరాలకు ఇచ్చే గడువు కూడా కలుపుకుంటే, ఆ రోజుకు కనీసం పది రోజుల ముందు ఫారం చేరాలి. మూడు నెలల ముందే పెట్టుకుంటే, ఏదైనా తప్పు దొర్లినా దిద్దుకోవడానికి సమయం ఉంటుంది.

రెండు చోట్లా ఉంచుకుంటే

1950 చట్టం 17వ సెక్షన్ రెండు నియోజకవర్గాల్లో పేరుండకూడదంటుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఒకే ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో వేస్తే రెండు ఓట్లూ చెల్లవు. తెలంగాణ–మహారాష్ట్ర సరిహద్దులో కెరమెరి వైపు పరందోళి లాంటి ఊళ్లలో రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు ఉన్నాయి. అది తెగని సరిహద్దు వివాదం తెచ్చిన పరిస్థితి. బతుకుతెరువుకు వచ్చినవాళ్లు దాన్ని చూపించి రెండు కార్డులు పెట్టుకోలేరు.

రెండు చోట్లా ఉంచుకోవడంలో అసలు ప్రమాదం రెండూ పోవడం. ఒకే పోలికలున్న ఫోటోలను, వివరాలను కంప్యూటరు పట్టిస్తుంది. నోటీసు పాత ఇంటికి వెళుతుంది. అక్కడ తీసుకునేవాళ్లు ఉండరు. 2025లో బిహార్‌లో జాబితాను మొదటి నుంచి సవరించినప్పుడు ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. అందులో దాదాపు 36 లక్షలు శాశ్వతంగా వెళ్లిపోయారనో, కనపడలేదనో రాసినవే. ఏడు లక్షలు ఒకటికి మించిన చోట్ల నమోదైనవి. అంత పెద్ద వలస రాష్ట్రంలో ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది పనికోసం బయట ఉన్నవాళ్లకే. అలాంటి సవరణ మన దగ్గర ఎప్పుడు జరిగినా, గడువులోపు ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఫారం అందుకుని తిరిగి ఇచ్చేలా చూసుకోవాలి.

ప్రత్యర్థులు పెట్టే ఫారం 7 ఇంకో బెడద. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో పేర్లు తీసేయమంటూ లక్షల్లో దరఖాస్తులు పడ్డాయి. ఊళ్లో లేనివాళ్ల పేర్లే దానికి తేలిగ్గా దొరుకుతాయి. మిమ్మల్ని వినకుండా పేరు తీయకూడదు. నోటీసు వస్తే ఊళ్లోని మనిషి వెంటనే మీకు ఫోటో పంపేలా మాట్లాడుకోండి. ఏడాదికి నాలుగుసార్లు జాబితాలో పేరు చూసుకోండి.

ఊళ్లోనే ఓటు ఉంచుకున్నవాళ్లు పోలింగ్ నాడు

పక్క రాష్ట్రంలో పనిచేస్తున్నా, మీ ఊళ్లో పోలింగ్ రోజున జీతంతో సెలవు మీ హక్కు. 1951 చట్టం 135బి సెక్షన్ రోజుకూలీలకూ వర్తిస్తుంది. సెక్షన్ నంబరు రాసి, ఎపిక్ నకలు జతచేసి వారం ముందే సెలవు చీటీ ఇవ్వండి. అభ్యర్థి తరఫున ఎవరైనా ఉచితంగా బస్సు పెడతామంటే ఎక్కకండి. 123(5) సెక్షన్ కింద అది అవినీతి చర్య, ఎన్నికే రద్దయ్యే కారణం కావచ్చు. రైలుకో బస్సుకో సొంత ఖర్చుతో వెళ్లండి, పోలింగ్ తేదీ తెలియగానే టికెట్ చేయించుకోండి.

పోలింగ్ కేంద్రంలో ఓటరు స్లిప్పు గుర్తింపుగా చెల్లదు. ఎపిక్, లేదా ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఉపాధిహామీ జాబ్‌కార్డు, ఫోటో ఉన్న పాస్‌బుక్ లాంటిది ఏదో ఒకటి తీసుకెళ్లండి. ఎపిక్ కార్డు వేరే నియోజకవర్గంలో ఇచ్చినదైనా, పేరు ఆ బూత్ జాబితాలో ఉంటే చెల్లుతుంది.

ఊళ్లో లేనివాళ్లు, ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్ల పేర్లతో ప్రిసైడింగ్ ఆఫీసరు దగ్గర వేరే జాబితా ఒకటి ఉంటుంది. వలస వెళ్లినవాళ్ల పేర్లు అందులోకి ఎక్కుతుంటాయి. "మీ పేరు మారినవాళ్లలో ఉంది" అన్నారని వెనక్కి రావద్దు. అది ఓటు తీసేసిన జాబితా కాదు. గుర్తింపు గట్టిగా చూస్తారు, వేలిముద్ర తీసుకుంటారు, ఆ తర్వాత ఓటు వేయనిస్తారు. మీరు వెళ్లేసరికి మీ పేరున ఎవరో ఓటు వేసేసి ఉంటే గొడవపడి బయటికి రాకండి. "టెండర్ ఓటు కావాలి" అని ప్రిసైడింగ్ ఆఫీసరును అడగండి. మీరెవరో రుజువు చేసుకున్నాక ఫారం 17బిలో సంతకం తీసుకుని పేపరు బ్యాలెట్ ఇస్తారు. ఆ ఓటు మిషన్లో పడదు, విడిగా కవరులో పెట్టి సీలు వేస్తారు. ఫలితం మీద కోర్టులో కేసు పడితే బయటికి తీసేది ఆ కవరునే.